లిఫ్ట్ రిపేర్‌లో ఉంది... కానీ లిఫ్టే లేదు!

కార్వాన్‌లో ఓ చిన్న లాడ్జి. పదకొండు మంది చుట్టాలు. మూడు రాత్రులు. ఒకే ఒక్క తాళంచెవి!

"నువ్వు కంప్యూటర్ ఉద్యోగం కదరా, రూములు నువ్వే బుక్ చెయ్."

చుట్టాల్లో సాఫ్ట్‌వేర్ వాడికి దొరికే గౌరవం ఇంతే. ప్రింటర్ ఆగినా, టీవీ రీచార్జ్ అయిపోయినా, లాడ్జి కావాలన్నా ముందు మన పేరే వినిపిస్తుంది. పోయినేడాది బోనాలకు సిద్దిపేట వైపు నుంచి మా వాళ్ళు పదకొండు మంది బయల్దేరారు. మేనత్త ఇల్లు కార్వాన్‌లో. ఆమె మనసు పెద్దది కానీ ఇల్లు మాత్రం రెండు గదులే. అందరూ అక్కడ పడుకోవాలంటే షిఫ్టులు వెయ్యాలి.

యాప్ తెరిచా. అత్తయ్య ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఒక లాడ్జి కనిపించింది. ఫొటోలో శుభ్రమైన మంచం, పక్కన కిటికీ, కిటికీ అవతల పచ్చటి కొండ, దాని మీంచి దూకుతున్న జలపాతం. కార్వాన్‌లో జలపాతం ఎక్కడిదని ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. రేటు చూశాక బుర్ర పనిచెయ్యడం మానేసింది మరి. నాలుగు రూములు, మూడు రాత్రులు, పేమెంట్ సక్సెస్‌ఫుల్!

వెళ్ళి చూస్తే ఫొటో అబద్ధం చెప్పలేదని తేలింది. జలపాతం నిజంగానే ఉంది, గోడకు అంటించిన పోస్టర్ మీద. దానికి అటూ ఇటూ కర్టెన్లు కూడా కట్టారు. మా నానమ్మ కర్టెన్ పక్కకు జరిపి, గాలి కోసం కిటికీ తెరవబోయి, గోడను రెండుసార్లు నెట్టింది.

రిజిస్టరే సుప్రీంకోర్టు

రిసెప్షన్‌లో ఓ కుర్రాడు. పంతొమ్మిదేళ్ళుంటాయేమో. ఫోన్‌లో నా బుకింగ్ చూపించా. అతను ఓ పొడవాటి రిజిస్టర్ తీసి, వేలితో ఒక్కో గీతా తడిమి, తల అడ్డంగా ఊపాడు.

"యాప్‌ల నాలుగున్నయ్ అన్నా. రిజిస్టర్‌ల రెండే ఉన్నయ్."

"డబ్బులు నాలుగింటికి కట్టాను కదా!"

"కట్టిన్రు అన్నా. కానీ రిజిస్టర్‌ల రెండే ఉన్నయ్."

ఆఫీసులో రెండు డేటాబేస్‌లు ఒకదానికొకటి సరిపోలకపోతే రాత్రంతా కూర్చుని సరిచేస్తాం. ఇక్కడ ఆ ఇబ్బందే లేదు. తీర్పు ఎప్పుడూ రిజిస్టర్‌దే. గంటసేపు బతిమాలాక మూడో రూము ఇచ్చాడు. నాలుగో రూము ఏదని అడిగితే మూడో దాంట్లోనే అదనంగా పరుపు వేసి, "ఇగో, ఇదే నాలుగోది" అన్నాడు.

సామాన్లు పైకి మోయాలి. మోకాళ్ళ నొప్పులున్న నానమ్మ కోసం లిఫ్ట్ ఎక్కడా అని చూశా. మెట్ల పక్కన గోడకు అందంగా రాసిన బోర్డు కనిపించింది: 'లిఫ్ట్ రిపేర్‌లో ఉంది. అసౌకర్యానికి చింతిస్తున్నాము.' బోర్డు ఉంది కానీ చుట్టుపక్కల ఎక్కడా లిఫ్ట్ లేదు. లిఫ్ట్ పట్టే గుంత కూడా లేదు.

"లిఫ్ట్ ఏదీ?"

కుర్రాడు దాచలేదు. "లేదన్నా. లేదని చెప్తే గిరాకీ ఎల్లిపోతది. రిపేర్ల ఉందంటే ఆగుతది."

మార్కెటింగ్ మీద ఇంతకంటే గొప్ప పాఠం నేను ఏ వీడియోలోనూ వినలేదు.

పెదనాన్న, ఓ అపరిచితుడు

మా రూముల నంబర్లు 101, 103, 108. 102 ఏమైందో ఎవరికీ తెలీదు. తాళంచెవులు మూడూ ఒకేలా ఉన్నాయి. 103 చెవి 103తో పాటు 107ను కూడా తెరుస్తుంది. ఈ సంగతి మా పెదనాన్న కనిపెట్టారు. టీ తాగొచ్చి, మసక వెలుతురులో 107 తెరిచి, చొక్కా విప్పి, మంచం మీద కాళ్ళు చాపుకుని టీవీ పెట్టుకున్నారు. ఐదు నిమిషాలకు బాత్రూమ్‌లోంచి టవల్ కట్టుకుని ఓ పెద్దాయన బయటికొచ్చారు.

"ఎవరయ్యా నువ్వు?" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

మేం పరుగెత్తి వెళ్ళేసరికి గొడవ అయిపోయింది. ఆయనది గజ్వేల్ అట. ఇద్దరూ మంచం మీద పక్కపక్కనే కూర్చుని ఎకరం ఎంత పలుకుతోందో లెక్కలేసుకుంటున్నారు. పెదనాన్న ఇంకా చొక్కా వేసుకోలేదు.

ఇక స్విచ్చుల సంగతి. 103లో ఫ్యాన్ వెయ్యాలంటే 101లో స్విచ్ నొక్కాలి. 101లో లైట్ ఆర్పాలంటే వరండాలోకి రావాలి. రాత్రి చలేస్తే గోడ మీద రెండు దెబ్బలు, ఉక్కపోస్తే మూడు దెబ్బలు. మా చిన్నమ్మ, అత్తయ్య కూతురు కలిసి ఈ కోడ్ తయారుచేశారు. అర్ధరాత్రి దాకా గోడలు మోగుతూనే ఉన్నాయి.

గీజర్ ఉంది, వేడి నీళ్ళు లేవు. ఎప్పుడు పాడైందని అడిగా.

"పర్సోం అన్నా."

హైదరాబాద్‌లో పెరిగినవాళ్ళకు ఈ మాట బరువు తెలుసు. పర్సోం అంటే మొన్న. కానీ ఈ ఊళ్ళో ఆ మొన్న రెండు రోజుల కిందటిదీ కావొచ్చు, రెండేళ్ళ కిందటిదీ కావొచ్చు. గీజర్ మీద పేరుకున్న దుమ్మును బట్టి చూస్తే మా వాడు చెప్పింది రెండో రకం. వేడి నీళ్ళు కావాలంటే కింద స్టవ్ మీద కాచి బకెట్‌తో తెచ్చిస్తాడు, బకెట్ ఇరవై రూపాయలు. నానమ్మ స్నానం చేసొస్తే ఒళ్ళంతా యాలకుల వాసన. టీ కాచే గిన్నెలోనే నీళ్ళు మరిగాయన్నమాట!

ఆతిథ్యం పుట్టిన పేటలో

అసలు ఈ ముచ్చట జరగాల్సిన చోటు కాదిది. కార్వాన్ అనే పేరే కారవాన్ నుంచి వచ్చింది, అంటే బిడారు. కుతుబ్‌షాహీల కాలంలో ఒకవైపు గోల్కొండ కోట, మరోవైపు 1578లో కట్టిన పురానాపూల్, ఆవల చార్మినార్ నగరం. ఆ రెండింటినీ కలిపే దారిలో ఉంది ఈ పేట. దూరదేశాల వర్తకులు సరుకుతో, ఒంటెలతో వచ్చి దిగింది ఇక్కడే. వజ్రాల బేరాలు ఇక్కడే సాగేవి.

పదిహేడో శతాబ్దంలో వజ్రాల కోసం గోల్కొండ వచ్చిన ఫ్రెంచ్ వ్యాపారి టావెర్నియర్, నగరం నుంచి కోటకు వెళ్ళే దారిలోని ఈ వర్తకుల పేట గురించి తన యాత్రా గ్రంథంలో రాశాడు. ఇక్కడి రెండు మూడు అందమైన మసీదులు పరదేశులకు సరాయిల్లా ఉపయోగపడేవని కూడా చెప్పాడు. కార్వాన్‌లోని టోలీ మసీదును 1671లో మూసాఖాన్ కట్టించాడు. మక్కా మసీదు పనుల్లో ఖర్చయ్యే ప్రతి రూపాయికీ అతనికి ఒక దమ్డీ కమిషన్ ముట్టేదనీ, ఆ డబ్బుతోనే ఈ మసీదు లేచిందనీ స్థానికంగా ఓ కథ చెప్పుకుంటారు. అక్కడికి కాస్త దూరంలో, షేక్‌పేటలో, గదులూ గుర్రపుశాలలూ ఉన్న ఆనాటి సరాయి ఇప్పటికీ నిలబడి ఉంది.

సరాయి ఎలా నడపాలో చట్టం కూడా వచ్చింది. బ్రిటిష్ ఇండియాలో 1867లో సరాయి చట్టం చేశారు. నిజాం రాజ్యం వేరు కాబట్టి అప్పట్లో అది కార్వాన్ దాకా రాలేదు. కానీ అందులో ఉన్నవి వింటే ఆశ్చర్యమేస్తుంది. గదులు, వరండాలు, కాలువలు, నీళ్ళ బావులు శుభ్రంగా ఉంచాలి. రేట్ల పట్టిక అందరికీ కనిపించేలా పెట్టాలి. దొంగలు ఎక్కడానికి పనికొచ్చే చెట్ల కొమ్మలు కొట్టేయాలి. బస చేసినవాళ్ళ రక్షణకు సరిపడా కాపలావాళ్ళను పెట్టాలి. తప్పితే జరిమానా ఇరవై రూపాయల దాకా. అంటే మా లాడ్జిలో ఒక బకెట్ వేడి నీళ్ళ ధర!

చెడ్డ హోటల్ మన ఒక్కరి సొత్తేం కాదు. 1970లో మాంటీ పైథాన్ హాస్య బృందం షూటింగ్ కోసం ఇంగ్లండ్‌లోని టార్కీ ఊళ్ళో ఓ హోటల్లో దిగింది. ఓనరుకు కస్టమర్లంటేనే చిరాకు. ఒక నటుడు తినే తీరు బాగాలేదని మందలించాడు. ఇంకొకరి బ్రీఫ్‌కేసులో బాంబు ఉందేమోనని దాన్ని తీసుకెళ్ళి బయట గోడ అవతల పెట్టాడు. బృందంలోని జాన్ క్లీజ్ మాత్రం ఆ ఓనర్ని శ్రద్ధగా గమనించి, తర్వాత కానీ బూత్‌తో కలిసి 'ఫాల్టీ టవర్స్' రాశాడు. 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం పన్నెండే ఎపిసోడ్లు. ఇప్పటికీ జనం నవ్వుతూనే ఉన్నారు.

అందులో ఒక ఎపిసోడ్‌లో హోటల్లో ఫైర్ డ్రిల్ జరుగుతుంది. ఆ డ్రిల్ మధ్యలోనే వంటింట్లో నిజంగా మంటలు లేస్తాయి. వెయిటర్ మొత్తుకున్నా ఓనర్ నమ్మడు. ఇంజినీరింగ్ హాస్టల్లో అది చూసి పడీపడీ నవ్వాను. కార్వాన్‌లో మూడో రోజు తెల్లవారుజామున అదే గుర్తొచ్చింది. ఈసారి నవ్వు రాలేదు.

తాళం బయట, మేం లోపల

ఆ రోజు ఆదివారం, పాతబస్తీ బోనాలు. అత్తయ్య ఇంట్లో బోనం వండాలి. కార్వాన్ దర్బార్ మైసమ్మ గుడి దగ్గర జనం పెరగకముందే వెళ్ళాలని నానమ్మ పట్టుదల. నాలుగున్నరకే అందరూ తయారై కిందికి దిగాం. బయట వాన. కరెంటు వస్తూ పోతూ ఉంది.

షట్టర్ మూసి ఉంది. లేపబోతే కదల్లేదు. బయట తాళం!

రిసెప్షన్ నంబర్‌కి ఫోన్ కొట్టా. మా ముందున్న బల్ల మీదే మోగింది. ఎవరైనా ఎత్తుతారేమోనని అలవాటుగా ఎదురుచూశా కూడా. ఓనర్ నంబర్ స్విచాఫ్. ఇంతలో రిసెప్షన్ ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి బయటి నుంచి ఎవరో రూము కావాలంటున్నారు. పెదనాన్న ఎత్తి, "రూముల్లేవు బాబూ. ఉన్నా రాకు" అని పెట్టేశారు. అప్పటిదాకా నవ్వులాటగానే ఉంది.

అంతలో వాసన వచ్చింది. ప్లాస్టిక్ కాలుతున్న వాసన.

మెట్ల కింద మీటర్ బోర్డు ఉంది. పైకప్పు నుంచి కారుతున్న నీళ్ళు సరిగ్గా దాని పక్కనే పడుతున్నాయి. 'చిట్‌చిట్' మని రెండు మిరుగులు లేచాయి. పిల్లలు అరిచారు. అందరం వెనక మెట్ల వైపు పరుగెత్తాం. వెనక మెట్లు ఉన్నాయి, నిజమే. కానీ వాటి నిండా పాత పరుపులు, రెండు కూలర్లు, ఒక విరిగిన మంచం. చివర ఇనుప గ్రిల్లు, దానికీ తాళం. కిటికీలన్నిటికీ ఊచలు. ఊచలు లేని కిటికీ ఒక్కటే, జలపాతం పోస్టర్!

నానమ్మ మెట్ల మీద కూర్చుండిపోయింది. గొంతు పెంచకుండానే అడిగింది: "పొగ లేస్తే యాడికెల్లి పోవాలె బిడ్డా?"

ఎవరి దగ్గరా జవాబు లేదు.

అదృష్టం బాగుండి ట్రిప్ అయ్యి కరెంటు మొత్తం పోయింది. మిరుగులు ఆగాయి. చీకట్లో, పదకొండు ఫోన్ల వెలుతురులో, పావుగంట నిలబడ్డాం. ఏమీ కాలేదు. కానీ ఏమీ కాకపోవడం మా గొప్పా కాదు, లాడ్జి గొప్పా కాదు.

2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో అలాంటి అదృష్టం దొరకలేదు. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి. కింద అంటుకుంది. దట్టమైన పొగ పై అంతస్తులను కమ్మేసింది. బతుకుతెరువు పనుల మీద ఊళ్ళ నుంచి వచ్చి, ఒక్క రాత్రి పడుకుందామని దిగినవాళ్ళలో ఎనిమిది మంది మళ్ళీ ఇంటికి చేరలేదు. ఆ వార్త నేను ఫోన్‌లో చదివి, స్క్రోల్ చేసి వదిలేశాను. షట్టర్ ముందు నిలబడినప్పుడు మాత్రం మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది.

వన్ స్టార్ ఎవరికి?

ఐదు దాటాక షట్టర్ లేచింది. కుర్రాడు ఒక చేతిలో పాల ప్యాకెట్లు, ఇంకో చేతిలో ఇడ్లీ పొట్లాలతో తడిసి ముద్దై నిలబడ్డాడు. పెదనాన్న చెయ్యెత్తారు. నానమ్మ అడ్డం పడింది.

"తాళం ఎందుకేసినవ్ బిడ్డా?"

"సేఠ్ ఏయమన్నడు అవ్వా. పోయిన నెల ఒకాయన బిల్లు కట్టకుండ పోయిండు. ఆ పైసలు నా జీతంల కోసిన్రు."

మాటల్లో మాటగా మిగతాది కూడా బయటపడింది. రిసెప్షన్ అతనే. రూమ్ బాయ్ అతనే. మోటర్ వేసేది, బకెట్ మోసేది, దుప్పట్లు మార్చేది, పొద్దున్నే 'కాంప్లిమెంటరీ బ్రేక్‌ఫాస్ట్' తెచ్చేది, రాత్రి కాపలా కాసేది అన్నీ అతనే. నెలకు తొమ్మిది వేలు. ఆ రాత్రి పడుకున్నది రెండు గంటలు. అతన్ని అడిగితే తెలిసిన ఇంకో విషయం: వెనక గ్రిల్లు తాళంచెవి ఓనర్ ఇంట్లో ఉంటుందట.

నిజానికి రాత్రి గీజర్ కోపంలో నేనో రివ్యూ రాసి పెట్టుకున్నా. వన్ స్టార్. 'రిసెప్షన్ కుర్రాడికి ఏమీ తెలీదు, పరమ నిర్లక్ష్యం' అని. పోస్ట్ చేసేలోపు నిద్ర పట్టేసింది. చెయ్యకపోవడమే మంచిదైంది. అది చదివి ఓనర్ ఏం చేసేవాడో మీకూ తెలుసు. ఆ కుర్రాణ్ణి తీసేసి ఇంకో కుర్రాణ్ణి పెట్టేవాడు. గ్రిల్లు తాళం మాత్రం అలాగే ఉండేది.

మా రంగంలో దీనికో మాటుంది, సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. ఆ ఒక్కటి ఆగితే మొత్తం ఆగిపోవడం. రిజిస్టర్, చెవులు, గీజర్, ఇడ్లీలు అంటూ మేం నవ్వుకున్న ప్రతి తప్పు వెనకా ఉన్నది ఒకే కారణం. ఐదుగురి పని ఒక్కడి మీద వేసి, ఒకే ఒక్క తాళంచెవి అతని జేబులో పెట్టి, ఓనర్ ఇంట్లో నిద్రపోతున్నాడు. పగలు అది కామెడీ. తెల్లవారుజామున నాలుగున్నరకు మాత్రం కాదు.

'సత్రం భోజనం, మఠం నిద్ర' అని మన పెద్దలు ఊరికే అనలేదు. దిక్కూ మొక్కూ లేని తిరుగుడికి అదో పేరు. కానీ సత్రంలోనైనా పడుకున్నవాడు పొద్దున్నే లేస్తాననే పడుకుంటాడు.

మూడు నిమిషాల పని

ఇప్పుడు ఎక్కడ దిగినా నేను మొదట వైఫై పాస్‌వర్డ్ అడగడం లేదు. మీరూ ఇవి చూసుకోండి.

• బ్యాగ్ పెట్టగానే రెండో మెట్ల దారి ఎటుందో నడిచి చూడండి. అడ్డంగా సామాన్లున్నా, తాళమున్నా రిసెప్షన్‌లో గట్టిగా అడగండి. తియ్యకపోతే రూము మార్చడం కాదు, లాడ్జే మార్చండి.

• మీ రూము నుంచి ఆ మెట్ల దాకా ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టుకోండి. పొగలో కళ్ళు కనపడవు, లెక్కే దారి చూపిస్తుంది.

• కింద అంతస్తులో ఏ దుకాణముందో గమనించండి. బ్యాటరీలు, పరుపులు, గ్యాస్ లాంటివి ఉంటే పైన పడుకునే ముందు రెండుసార్లు ఆలోచించండి.

• రాత్రి షట్టర్ తాళం ఎవరి దగ్గర ఉంటుందో, ఆ మనిషి ఎక్కడ పడుకుంటాడో అడగండి. సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదిది.

• పొగ కమ్మితే వంగి, నేలకు దగ్గరగా కదలండి. బయటికి దారి లేకపోతే తలుపు కింది సందులో తడిబట్ట కుక్కి, కిటికీ దగ్గరికి వెళ్ళండి. ఫైర్‌కి 101, ఏ అత్యవసరానికైనా 112.

• చూపించింది ఒకటి, ఇచ్చింది ఒకటి అయితే ఫొటోలు, బిల్లు దాచుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి.

ఆ రోజు బోనం ఆలస్యమేమీ కాలేదు. అత్తయ్య నెత్తిన కుండ, మీద వేపాకులు, దీపం. డప్పుల మోతలో నానమ్మ అమ్మవారికి ఏం మొక్కిందో అడగలేదు. సాయంత్రం లాడ్జికి వెళ్ళాక, నేనూ, పెదనాన్నా, గజ్వేల్ పెద్దాయనా కలిసి వెనక మెట్ల మీది పరుపులు పక్కకు లాగేశాం. కుర్రాడు కూడా చెయ్యేశాడు. నా రివ్యూ మళ్ళీ రాశా. గీజర్ గురించి ఒక్క ముక్క కూడా లేదు. తాళం వేసిన షట్టర్, మూసిన మెట్లు, నీళ్ళు కారే మీటర్ బోర్డు, అంతే. ఫొటోలతో సహా. కింద జవాబు వచ్చింది: 'మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు. మళ్ళీ రాగలరు.'

ఈ ఏడాది మళ్ళీ ఆషాఢం దగ్గర పడుతోంది. మొన్న అత్తయ్య ఫోన్: "రూములు నువ్వే చూడురా." వేరే చోట చూద్దామనే అనుకున్నా. కానీ ఆ లాడ్జి నంబర్ ఇంకా ఫోన్‌లో ఉంది. ఊరికే కలిపి చూశా. అదే కుర్రాడు ఎత్తాడు.

"తమ్మీ, వెనక మెట్లు ఇప్పుడు తెరిచి ఉంటున్నయా?"

"హౌ అన్నా. పర్సోం నుంచి తెరిచే ఉంటున్నయ్."

వెళ్ళి చూసొచ్చాకే బుక్ చేస్తా.